నెల ఫీజులు కార్డు మానేసి ఈ-చెక్‌కి మారిస్తే ఎలా ఉంటుంది? వాడినవాళ్లు చెప్పండి

#1 నాట్యసుధ
అందరికీ నమస్కారం. టెక్సస్‌లో చిన్న డాన్స్ స్కూల్ నడుపుతున్నాను. పిల్లలు 130 మంది, నెలకి ఒక్కొక్కరికి 120 డాలర్లు. ఇన్నాళ్లూ కార్డు మీదే తీసుకుంటున్నాను, ఒకటో తారీఖు రాగానే దానంతటదే కట్ అయ్యేలా. కార్డు వాళ్లకి 2.9 శాతం, దాని మీద ఇంకో 30 సెంట్లు. మొన్న కూర్చుని లెక్కేస్తే పిల్లకి 3 డాలర్ల 78 సెంట్లు, మొత్తం నెలకి 491 డాలర్లు పోతోంది. గజ్జెల ఖర్చు కూడా అంత ఉండదు నాకు.

పోయిన వారం ఒక ప్రాసెసింగ్ కంపెనీ అబ్బాయి వచ్చాడు. "ఈ-చెక్‌కి మారండి మేడమ్, మొత్తం ఎంతైనా 50 సెంట్లే. మీ ఖాతాలో పడ్డాక ఇక డబ్బు మీదే" అన్నాడు. 50 సెంట్లు నమ్ముతాను. రెండో మాటే గొంతు దిగట్లేదు. పడ్డాక నిజంగా మనదేనా? పేరెంట్స్ బ్యాంకు వివరాలు ఇస్తారా? ఎవరైనా వాడుతుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

#2 గుంటూరు_మిర్చి
ముందు నాకో డౌట్. నాకు స్విమ్మింగ్ పూల్స్ క్లీన్ చేసే బిజినెస్. కస్టమర్ చెక్ ఇస్తే ఫోన్‌తో ఫోటో తీసి బ్యాంకు యాప్‌లో వేస్తా. ఈ-చెక్ అంటే అదే కదా? అదైతే నేను పదేళ్ల నుంచీ ఎక్స్‌పర్ట్‌నే.

#3 పాత_గుమాస్తా
మిర్చి గారూ, అది కాదండీ. బ్యాంకు వెనక గదిలో పద్దెనిమిదేళ్లు ఇవే ఫైళ్లు తోలినవాణ్ణి, కొంచెం విస్తారంగా చెప్తాను, విసుక్కోకండి.

మీరు ఫోటో తీసేది చెక్కే. కాగితం బదులు బొమ్మ ప్రయాణిస్తుంది, అంతే. 2003లో చెక్ 21 అనే చట్టం చేశారు, 2004 అక్టోబరు 28 నుంచి అమలు. అంతకుముందు చెక్కులు సంచుల్లో, విమానాల్లో ఊరూరా తిరిగేవి. ఆ చట్టం వచ్చాక బొమ్మలోంచి అచ్చువేసిన నకలుకి కూడా అసలు చెక్కుకున్న విలువే వచ్చింది. అలా వేసిన దానికి చెక్ చట్టాలే వర్తిస్తాయి.

సుధమ్మగారు అడిగే ఈ-చెక్ వేరు. అందులో చెక్కు లేదు. చెక్కు కింద అంచున ఉండే తొమ్మిదంకెల రౌటింగ్ నంబరు, ఖాతా నంబరు మాత్రం తీసుకుని, "ఈ ఖాతాలోంచి ఇంత లాగండి" అని ఏసీహెచ్ అనే దారిలో పంపుతారు. ఇది 1972లో కాలిఫోర్నియాలో మొదలైంది. 1974 నుంచి నాచా అనే సంస్థ దీని రూల్సు రాస్తోంది. ఫైళ్లు అటూ ఇటూ పంచేవాళ్లు ఇద్దరే: ఫెడరల్ రిజర్వు ఒకటి, ద క్లియరింగ్ హౌస్ రెండోది. జీతం నేరుగా ఖాతాలో పడేదీ, ఇంటి లోను కంతు నెలనెలా కట్ అయ్యేదీ ఈ దారిలోనే.

మధ్యలో ఇంకో రకం ఉంది. కాగితం చెక్కు తీసుకుని, అందులోని అంకెలు చదువుకుని ఏసీహెచ్‌గా మార్చి పంపడం. పోస్టులో వచ్చిన చెక్కులకీ, కౌంటర్ దగ్గర ఇచ్చినవాటికీ వేర్వేరు కోడ్లు. 25,000 డాలర్లు దాటిన చెక్కుని అలా మార్చకూడదు. డాన్స్ స్కూలుకి ఇది అక్కర్లేదు, వదిలేద్దాం.

అసలు సంగతి ఇది. కార్డు గీకితే రెండు సెకన్లలో "అప్రూవ్డ్" అనో "డిక్లైన్డ్" అనో జవాబు వస్తుంది. ఏసీహెచ్‌లో "సరే, ఇస్తున్నాం" అని ఏ బ్యాంకూ చెప్పదు. కాదనాల్సినప్పుడే నోరు విప్పుతుంది. మౌనం అర్ధాంగీకారం అంటారే, ఈ వ్యవస్థ మొత్తం దాని మీదే నడుస్తోంది. ఆ సేల్స్ అబ్బాయి మీకు చెప్పనిది ఇదే.

#4 నాట్యసుధ
అయ్యో, సుధమ్మగారు ఏంటండీ, నాకింకా నలభై దాటలేదు :) అయితే ఆ మౌనం ఎన్నాళ్లు? ఎప్పటికి ఖాయం అనుకోవాలి?

#5 పాత_గుమాస్తా
రెండు గడియారాలు పెట్టుకోండి.

మొదటిది చిన్నది. ఖాతాలో డబ్బు లేదు (తిప్పి పంపే కారణానికి కోడ్ ఆర్01), ఖాతా మూసేశారు (ఆర్02), అలాంటి ఖాతా లేదు (ఆర్03), నంబరే తప్పు (ఆర్04). ఇలాంటివి కస్టమర్ బ్యాంకు రెండు బ్యాంకు పనిదినాల్లో తిప్పి పంపాలి. అది మీ ప్రాసెసర్ దగ్గరికి వచ్చి మీకు కనిపించేసరికి ఇంకో రోజు వేసుకోండి. శనాదివారాలు, ఫెడరల్ సెలవులు లెక్కలోకి రావు. శుక్రవారం లాగింది బుధవారం దాకా తేలకపోవచ్చు.

రెండోది పెద్దది. మామూలు మనిషి ఖాతా అయితే, "నేను ఒప్పుకోలేదు" అని ఆయన బ్యాంకులో సంతకం చేసి ఇస్తే 60 రోజుల దాకా తిప్పి పంపొచ్చు. ఆర్10 అంటే "వీళ్లెవరో నాకు తెలీదు, నేను అనుమతివ్వలేదు". ఆర్07 అంటే "ఇచ్చాను గానీ వెనక్కి తీసుకున్నాను". 2020 నుంచి ఆర్11 వేరుగా వాడుతున్నారు: "అనుమతి ఇచ్చిన మాట నిజమే, కానీ ఒప్పుకున్నట్టు లాగలేదు" అని, అంటే మొత్తం తేడా, లేదా తేదీకి ముందే లాగడం.

ఇంకోటి. సేమ్ డే ఏసీహెచ్ అని అదనపు రుసుముతో అమ్ముతారు. డబ్బు కదలడం వేగంగా కదులుతుంది, నిజమే. 2022 మార్చి నుంచి ఒక్కో లావాదేవీ 10 లక్షల డాలర్ల దాకా పంపొచ్చు కూడా. కానీ పైన చెప్పిన రెండు గడియారాలూ అలాగే ఉంటాయి. నెల ఫీజుకి దాని కోసం డబ్బు తగలేయకండి.

#6 లెడ్జర్_రాజు
గుమాస్తా గారి మాటకి నాదో ముక్క, సీపీఏగా. ఈ-చెక్ డబ్బు పడగానే అద్దె కట్టేసి, నాలుగో రోజు ఆర్01లు వస్తే మీ ఖాతాయే మైనస్‌లోకి పోతుంది. ప్రాసెసర్ తిప్పి తీసుకోవడానికి మిమ్మల్ని అడగడు. కనీసం వారం ఫీజంత మొత్తం కదపకుండా ఉంచండి. క్లయింట్లకి ఇది చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

#7 ఓరుగల్లు_వేణు
అక్కా, నేను ఆరేండ్ల సంది పెస్ట్ కంట్రోల్ నడుపుతున్న. నెలకు 400 దాకా ఈ-చెక్కులే. డబ్బుల్లేక తిరిగొచ్చేటివి పెద్ద తలనొప్పి కాదు, అవి వస్తయ్, పోతయ్. నా కొంప ముంచింది వేరే ముచ్చట, చెప్త ఇను.

మొదటి ఏడు ఖాతా తెరిచినప్పుడు ప్రాసెసర్‌కు ఎల్ఎల్‌సీ కాగితాల మీదున్న పేరిచ్చిన. ఏదో హోల్డింగ్స్ అని అప్పట్ల లాయర్ పెట్టిన పేరు. ట్రక్కు మీద, బిల్లు మీద, టీ షర్టు మీద ఉన్న పేరు వేరే. కస్టమర్ బ్యాంకు స్టేట్‌మెంట్ జూస్తే ఏముంటది? తెల్వని హోల్డింగ్స్ వాడెవడో 45 డాలర్లు గుంజుకున్నడు. పెద్దమనుషులు కదా, భయపడ్డరు. బ్యాంకుకు ఫోన్ కొట్టిన్రు, "నాకు తెల్వదు" అని సంతకం పెట్టిన్రు. రెండు నెలల్ల ఐదు ఆర్10లు.

ఐదే కదా అని నేను నవ్విన. ప్రాసెసర్ నవ్వలే. 800 ల ఐదు అంటే 0.6 శాతం మీద. అనుమతి లేదన్న రిటర్నులు 0.5 శాతం దాటొద్దట. ఉత్తరం వచ్చింది, నా డబ్బులు మూడు వారాలు పట్టుకున్నరు. జీతాలకు మా బావమరిది దగ్గర చెయ్యి చాపిన. ఆ ఐదుగురు ఎవరో కాదు, మా పాత కస్టమర్లే! ఒక ముసలమ్మ ఏడ్చినంత పని చేసింది, "నువ్వని తెలిస్తే ఎందుకు జేస్త బిడ్డా" అన్నట్టు.

పేరు మార్పిచ్చిన. గంతే. తర్వాత ఏడాదంతా జూస్తే ఆర్10 ఒక్కటి వచ్చింది.

#8 కోడ్_కృష్ణ
వేణన్న చెప్పింది బంగారం. పేమెంట్ ఫైళ్లు రాసే పనిలో ఉన్నాను కాబట్టి లోపలి సంగతి చెప్తా. ఏసీహెచ్ ఫైల్లో ఒక్కో వరుస సరిగ్గా 94 అక్షరాలు. అందులో కంపెనీ పేరుకి ఇచ్చిన చోటు 16 అక్షరాలే, ఖాళీలతో కలిపి. దేనికోసం లాగుతున్నామో చెప్పడానికి ఇంకో 10. ఇంగ్లిష్ అక్షరాలు, అందులోనూ మన పేర్లు! తెగితే ఏమవుతుందో ముందే కాగితం మీద రాసి చూసుకోండి. ప్రాసెసర్‌ని "నా పేరు స్టేట్‌మెంట్‌లో ఎలా కనిపిస్తుంది?" అని అడిగి, మీ సొంత ఖాతాలోంచి ఒక డాలరు లాగించి చూడండి. చాలామంది ఆ పని చెయ్యరు.

#9 బే_ఏరియా_బాబ్జీ
ఆర్10 వస్తే డిస్ప్యూట్ చెయ్యొచ్చు కదా. కార్డు చార్జ్‌బ్యాక్ (కస్టమర్ కాదంటే బ్యాంకు డబ్బు వెనక్కి లాగడం) వస్తే మేం సంతకం చేసిన కాగితం పంపితే డబ్బు వెనక్కి వస్తుంది. ఇదీ అంతే అనుకుంటా.

#10 పాత_గుమాస్తా
అంతే కాదు బాబ్జీ గారూ, అక్కడే చాలామంది దెబ్బతినేది. కార్డులో మీ వాదన వినడానికి ఒక మెట్టు ఉంది. ఏసీహెచ్‌లో అది లేదు. కస్టమర్ బ్యాంకు మీ అనుమతి పత్రం నకలు అడగొచ్చు, అడిగితే మీ బ్యాంకు 10 పనిదినాల్లో ఇవ్వాలి. కాగితం పక్కాగా ఉన్నా సరే, వెళ్లిన డబ్బు ఆ దారిలో తిరిగి రాదు. మీరూ కస్టమరూ బయట తేల్చుకోవాల్సిందే.

అలాగని పత్రం వృథా కాదు. ప్రాసెసర్ మిమ్మల్ని ఉంచాలా తీసెయ్యాలా అన్నది దాన్ని చూసే తేలుస్తాడు.

#11 నాట్యసుధ
బాబోయ్. నేను పేరెంట్స్ అందరికీ ఒక ఆన్‌లైన్ ఫారం పంపి, అకౌంట్ నంబర్లు స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చుకుందామనుకున్నాను. "నెల ఫీజు నా ఖాతాలోంచి తీసుకోవచ్చు" అని ఒక టిక్ పెట్టిస్తే చాలదా?

#12 కోడ్_కృష్ణ
అక్కా వద్దు!! 130 కుటుంబాల ఖాతా నంబర్లు మీ లాప్‌టాప్‌లో స్ప్రెడ్‌షీట్‌గా ఉండకూడదు. ప్రాసెసర్ ఇచ్చే పేజీ లింకు పంపండి. వాళ్లు అక్కడే నింపుతారు, మీకు చివరి నాలుగంకెలు తప్ప ఏమీ కనబడదు.

ఇంకో కారణం కూడా ఉంది. ఇంటర్నెట్‌లో అనుమతి తీసుకుంటే దానికి వెబ్ అనే కోడ్ పడుతుంది. ఆ కోడ్ కింద ఒక ఖాతాని మొదటిసారి వాడేటప్పుడు అది నిజంగా ఉన్న ఖాతానా, తెరిచి ఉందా అని సరిచూడాలని 2021 మార్చి 19 నుంచి రూలు. మామూలుగా మూడు పద్ధతులు: పేరెంట్ తన బ్యాంకులోకి లాగిన్ అయి ధ్రువీకరించడం; డాలరులోపు చిల్లర రెండుసార్లు పంపి ఎంతో చెప్పమనడం; లేదా సున్నా డాలర్లతో ఒక ఉత్తుత్తి ఎంట్రీ పంపి మూడు పనిదినాలు ఆగడం. మొదటిది చిటికెలో అయిపోతుంది గానీ పెద్దవాళ్లకి ఇష్టం ఉండదు.

రౌటింగ్ నంబరు వరకైతే మీరే చేత్తో సరిచూసుకోవచ్చు. తొమ్మిదంకెల్ని వరసగా 3, 7, 1, 3, 7, 1, 3, 7, 1 తో గుణించి కూడండి. పదితో నిశ్శేషంగా పోవాలి. బోస్టన్ ఫెడరల్ రిజర్వుది 011000015. 7, 1, 7, 5 కలిపితే 20. సరిపోయింది. ఒక్క అంకె తప్పు పడినా దొరికిపోతుంది. ఖాతా నంబరుకి మాత్రం ఇలాంటి ఉమ్మడి సూత్రం లేదు, అందుకే ఆర్03, ఆర్04లు. ఆర్02తో కలిపి ఈ మూడూ 3 శాతం దాటకూడదు.

#13 మోడరేటర్
ఇందాక ఒక ప్రాసెసర్ ప్రకటన, ఫోన్ నంబరుతో సహా పెట్టారు. తీసేశాం. దయచేసి ఇక్కడ ఎవరూ తమ సొంత ఖాతా నంబరుతో పై లెక్క చేసి చూపించకండి. (ఒకరు ఆల్రెడీ చేశారు. అదీ తీసేశాం.)

#14 గుంటూరు_మిర్చి
ఆ ఒకరు నేనే. క్షమించాలి. లెక్క మాత్రం కుదిరింది!

#15 పాత_గుమాస్తా
:) 

సుధ గారు అడిగిన టిక్ మాటకి వస్తాను. మామూలు మనుషుల ఖాతాల్లోంచి నెలనెలా లాగడానికి 1978 నాటి ఎలక్ట్రానిక్ ఫండ్ ట్రాన్స్‌ఫర్ చట్టం, దాని కింద వచ్చిన రెగ్యులేషన్ ఈ వర్తిస్తాయి. అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. సంతకం, లేదా దానితో సమానమైన ఎలక్ట్రానిక్ ధ్రువీకరణ. నకలు కస్టమర్‌కి తప్పకుండా ఇవ్వాలి. ఇక్కడే చాలామంది ఎగ్గొడతారు. ఈమెయిల్ చేసినా సరిపోతుంది.

ఎంత, ఏ తేదీన, ఎన్నాళ్లు, ఎలా ఆపుకోవచ్చు, ఇవన్నీ అందులో కళ్లకు కనబడేలా రాయండి. లాగే రోజుకి మూడు పనిదినాల ముందు కస్టమర్ తన బ్యాంకుకి చెప్తే ఆపే హక్కు ఆయనకి ఉంది, మీరు రాసినా రాయకపోయినా. మొత్తం మారితే 10 రోజుల ముందు, తేదీ మారితే 7 రోజుల ముందు చెప్పాలి. అనుమతి రద్దయ్యాక కూడా ఆ పత్రం రెండేళ్లు దాచాలి.

మీ స్కూలుకి ప్రత్యేకంగా ఒక గొయ్యి ఉంది, అది చూపించి ముగిస్తాను. వార్షికోత్సవానికి డ్రెస్సుల డబ్బు ఉంటుంది కదా? నెలకి 120 అని అనుమతి తీసుకుని, డిసెంబరులో డ్రెస్సుతో కలిపి 265 లాగారనుకోండి. పేరెంట్ బ్యాంకుకెళ్లి ఆర్11 అంటే మీ దగ్గర జవాబు ఉండదు. తప్పు మీదే. డ్రెస్సులకి వేరే అనుమతి తీసుకోండి. లేదా మొదట్లోనే "120 నుంచి 300 మధ్య" అని హద్దు రాసుకుని, దాటినప్పుడు ముందే చెప్పండి. నన్నడిగితే వేరే తీసుకోవడమే మర్యాద.

#16 నాట్యసుధ
గుమాస్తా గారూ, మీకు మా డ్రెస్సుల సంగతి ఎలా తెలిసింది? సరిగ్గా అదే చేద్దామనుకున్నాను. ఇకపై వేరే.

#17 జిమ్_అక్క
నా తప్పు కూడా రాసేస్తా, ఎవరికైనా పనికొస్తుంది. ఆర్01 వచ్చినవాటిని సాఫ్ట్‌వేర్ దానంతటదే మళ్లీ లాగేలా పెట్టుకున్నా. ఎన్నిసార్లు అని చూడలేదు. అది మూడు రోజులకోసారి ఐదుసార్లు కొట్టింది. ఒక కాలేజీ అబ్బాయికి కొట్టిన ప్రతిసారీ వాడి బ్యాంకు పెనాల్టీ వేసింది. నా 40 డాలర్ల కోసం వాడికి దాదాపు 150 వదిలింది. వాడు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే మోడరేటర్ తీసేస్తారు.

రూలు ఏంటంటే, మొదటిసారి తిరిగొచ్చాక ఇంకో రెండుసార్లే ప్రయత్నించాలి. అది కూడా 180 రోజుల్లోపు, అదే మొత్తం. లేటు ఫీజు కలిపి లాగకూడదు. ఆ పది అక్షరాల చోట ఇది మళ్లీ ప్రయత్నం అని తెలిసేలా "రీట్రై పేమెంట్" పొట్టి రూపంలో పడాలి. బౌన్స్ ఫీజు కావాలంటే విడిగా, ముందే చెప్పి, రిటర్న్ వచ్చిన 45 రోజుల్లోపు లాగాలి. ఎంత తీసుకోవచ్చన్నది మీ స్టేట్ చట్టం చూసుకోవాలి.

ఇప్పుడు నేను ఒక్కసారే మళ్లీ ప్రయత్నిస్తా, అదీ 15నో నెలాఖరునో, జీతాలు పడే రోజు. ఈ ఒక్క మార్పుతో చాలావరకు వసూలవుతున్నాయి.

#18 గుంటూరు_మిర్చి
ఇండియాలో మా తమ్ముడు ఫైనాన్స్‌లో పని చేస్తాడు. అక్కడ నాచ్ మాండేట్ (ఖాతాలోంచి నెలనెలా కట్ అవ్వడానికి ఇచ్చే అనుమతి) బౌన్స్ అయితే చెక్ బౌన్స్ లాగే కేసు, రెండేళ్ల దాకా జైలు కూడా పడొచ్చంట. ఇక్కడేంటి ఇంత మెతక?

#19 లెడ్జర్_రాజు
నిజమే, 2007 పేమెంట్ చట్టంలో 25వ సెక్షన్ అది. ఇక్కడ మాత్రం ఆ మాట కస్టమర్‌కి మెసేజ్ పెట్టారో, లాయర్ నోటీసు మీ గుమ్మానికే వస్తుంది. ఆవేశపడకండి మిర్చి గారూ.

#20 బే_ఏరియా_బాబ్జీ
అక్కడ నాచ్, ఇక్కడ నాచా. డాన్స్ టీచర్‌ని వదిలేలా లేవు రెండూ.

ఇంతకీ ఇండియాలో యూపీఐ ఆటోపేలాగా ఇక్కడ రియల్ టైమ్‌లో లాగే పద్ధతి రాలేదా? ఫెడరల్ రిజర్వు వాళ్ల ఫెడ్‌నౌ (అప్పటికప్పుడు డబ్బు పంపే పద్ధతి) వచ్చిందిగా?

#21 కోడ్_కృష్ణ
ఫెడ్‌నౌ 2023 జులైలో వచ్చింది. అది ఇచ్చేవాడు నెట్టే దారి. మనం లాగేది కాదు. "ఇంత పంపండి" అని అడగొచ్చు, ప్రతిసారీ అవతలివాళ్లు ఒప్పుకుని నెట్టాలి. నెల ఫీజుకి ఇంకా ఏసీహెచ్చే దిక్కు.

#22 ఓరుగల్లు_వేణు
అక్కా ఇంకో ముచ్చట మర్చిన. అప్పుడప్పుడు రిటర్న్ కాకుండా సీ01, సీ02 అని వస్తయ్. పైసలు వచ్చేస్తయ్, కానీ కస్టమర్ బ్యాంకు "నంబరు మారింది, ఇకమీదట ఇది వాడు" అని చెప్తది. బ్యాంకులు కలిసిపోయినప్పుడు మస్తు వస్తయ్. పైసలు పడ్డయ్ కదా అని పక్కకు పెట్టకు. ఆరు పనిదినాల్లనో, తర్వాతి ఎంట్రీ లోపటనో, ఏది వెనక అయితే అది, దిద్దుకోవాలె.

#23 పాత_గుమాస్తా
వేణు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో చిన్నది: పేరెంట్స్‌లో ఎవరైనా తమ కంపెనీ ఖాతా ఇస్తే దానికి సీసీడీ అనే వేరే కోడ్ పడాలి. మామూలు మనిషి ఖాతాకి పొరపాటున ఆ కోడ్ వేస్తే ఆర్05 అని 60 రోజుల దాకా తిరిగొచ్చే ప్రమాదం. ఫారంలో "వ్యక్తిగతమా, వ్యాపారమా" అని ఒక గడి పెట్టించండి.

#24 నాట్యసుధ
అందరికీ పాదాభివందనం (డాన్స్ టీచర్‌ని, నిజంగానే చేయగలను). ఇక దిగుతున్నాను. కార్డు వద్దని ఎవరినీ బలవంతపెట్టను. ఈ-చెక్‌కి వస్తే నెలకి 2 డాలర్లు తగ్గిస్తానని చెప్తాను. ఏమవుతుందో వచ్చి రాస్తాను.

#25 లెడ్జర్_రాజు
అందరూ అలాగే అంటారు, ఎవరూ రారు.

#26 నాట్యసుధ
రాజు గారూ, నాలుగు నెలల తర్వాత వచ్చాను, చూడండి!

130లో 91 కుటుంబాలు మారాయి. మిగతావాళ్లు కార్డు పాయింట్లు వదులుకోలేమన్నారు, అదీ న్యాయమే. ఒక్కో ఫీజు మీద 3 డాలర్ల 28 సెంట్లు మిగులుతోంది, అందులో 2 వాళ్లకే ఇచ్చేస్తున్నాను. నాకు నెలకి 116 డాలర్లు. అనుకున్నంత కాదు. అసలు లాభం వేరేచోట వచ్చింది. కార్డు గడువు తీరిపోయిందనో, పోయిందనో, కొత్తది వచ్చిందనో నెలనెలా పది పదిహేను మంది వెంట పడేదాన్ని. బ్యాంకు ఖాతాలకి గడువు ఉండదు. ఆ ఫోన్లు ఆగిపోయాయి.

ఆర్01లు ఆరు వచ్చాయి. జిమ్ అక్క చెప్పినట్టు 15న ఒక్కసారి ప్రయత్నిస్తే ఐదు వసూలయ్యాయి. ఆరో ఆవిడ నగదు పట్టుకొచ్చి ఇచ్చింది. ఆర్03 ఒకటి, ఒక తాతగారు చెక్కు మీది చెక్ నంబరు కూడా కలిపేసి ఖాతా నంబరు అని రాశారు.

ఆర్10 ఒకటి! గుండె ఆగినంత పనైంది. అమ్మ సైన్ అప్ చేసింది, ఖాతా నాన్నతో ఉమ్మడిది. ఆయన స్టేట్‌మెంట్ చూసి బ్యాంకుకి ఫోన్ చేశాడు. రెండు నెలల్లో 182 లాగితే అందులో ఒకటి. అంటే 0.55 శాతం. ఒక్కదానికే హద్దు దాటాను! ప్రాసెసర్ వాళ్లు ఫోన్ చేసి అనుమతి పత్రం అడిగారు. ఐదు నిమిషాల్లో పంపాను, ఆవిడకి పంపిన నకలు ఈమెయిల్‌తో సహా. "చిన్న వ్యాపారాలకి ఇలా అవుతుంది, రెండోది రాకుండా చూసుకోండి" అని వదిలేశారు. ఆ దంపతులు మర్నాడు క్లాసుకి వచ్చి, ఆయన తలదించుకుని కాగితం చెక్కు రాసిచ్చాడు. మిర్చి గారిని తలుచుకుని ఫోన్‌తో ఫోటో తీసి వేశాను.

#27 ఓరుగల్లు_వేణు
మంచిగైంది అక్కా. మరి గా నాయనకు ఎందుకు తెల్వలే? స్టేట్‌మెంట్‌ల పేరు ఏం పడుతుంది? డాలరు లాగి చూసినవా లేదా?

#28 నాట్యసుధ
చూడలేదు తమ్ముడూ. మా స్కూల్ పేరు చాలా పొడుగు. "నాట్యాలయ" అన్న మాట పదహారో అక్షరం దగ్గర తెగిపోయి, ఇంగ్లిష్‌లో "నాటీ" అని మిగిలింది. ఆయన బ్యాంకువాళ్లతో అన్న మాట కూడా అదేనట: "ఇలాంటి చోట్లకి నేను వెళ్లనండీ" అని, పక్కన భార్య వింటూ ఉండగా. నిన్ననే పేరు మార్పించాను.